పాత పిస్టల్‌కి చౌక మేగజైన్ కొనే ముందు చేతిలో ఉన్నదాన్ని చూడండి బాబూ

బాబూ, మీరు రాసింది రెండుసార్లు చదివాను. నాన్నగారి .32 బ్రౌనింగ్, బెల్జియం ఎఫ్ఎన్ కంపెనీ వాళ్ల 1910 మోడలు, ఆయన పోయాక వారసుడిగా లైసెన్సు మీ పేరు మీదకి మారింది, పిస్టల్‌తో పాటు ఒక్కటే మేగజైన్, అంటే పిడిలో పెట్టే గుండ్ల డబ్బా, వచ్చింది, అదేమో గుండు సరిగ్గా ఎక్కించట్లేదు, గన్ హౌస్‌లో ఒరిజినల్‌కి చెప్పిన రేటు విని గుండె గుభేలుమంది, ఇంతలో ఎవరో స్నేహితుడు ఫారిన్ సైట్లో అందులో నాలుగో వంతుకే కొత్తది దొరుకుద్ది తెప్పించేద్దాం అన్నాడు, తెప్పించొచ్చా, అలాంటి చౌకవి పనిచేస్తాయా అని మీ ప్రశ్న.

పోస్టులో తెప్పించడం మాత్రం అస్సలు వద్దు, అది ముందే చెప్పేస్తున్నా, ఎందుకో కింద రాస్తాను. చౌకవి పనిచేస్తాయా అంటే కొన్ని శుభ్రంగా పనిచేస్తాయి, కొన్ని చేతిలో ఉండగానే అడుగు రేకు ఊడిపోతాయి. కానీ మీ విషయంలో నాకు ముందొచ్చిన అనుమానం వేరే, మీకసలు కొత్త మేగజైన్ అక్కర్లేదేమో అని. నేను ఆర్మీలో ఈఎంఈలో, అంటే యంత్రాలూ ఆయుధాలూ బాగుచేసే విభాగంలో, ఆర్మరర్‌గా చేసి రిటైరయ్యాక బరంపురం వచ్చేసి లైసెన్సున్న ఒక రిపేరు షాపులో పదకొండేళ్లుగా కూర్చుంటున్నాను, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, ఇచ్ఛాపురం దాకా ఉన్న పాత పిస్టల్స్ చాలా నా బల్ల మీదకొచ్చాయి, మేగజైన్ పోయింది కొత్తది కావాలి అని వచ్చినవాళ్లలో సగానికి సగం మంది పాతదాంతోనే ఇంటికెళ్లారు.

మీరు రాసిన దాంట్లో రెండు ముక్కలు నా కంట్లో పడ్డాయి. ఒకటి, నాన్నగారు ఏటా దసరాకి ఆయుధపూజ చేసి పిస్టల్‌కీ మేగజైన్‌కీ కొబ్బరినూనె రాసేవారు అన్నారు. రెండోది, 2024 ఎన్నికలప్పుడు థానాలో డిపాజిట్ చేసి తెచ్చుకున్న తర్వాత నుంచే తేడాగా ఉంది అన్నారు. ఈ రెండూ తేల్చుకోకుండా ఒక్క రూపాయి కూడా ఖర్చు పెట్టకండి.

కొబ్బరినూనె సంగతి చూద్దాం. ఆయన భక్తితో చేశారు, దాన్ని తప్పు పట్టడానికి నాకు మనసొప్పదు, మా నాన్న కూడా కత్తిపీటకి అదే రాసేవాడు. కానీ కొబ్బరినూనె 24 డిగ్రీల కింద గడ్డ కడుద్ది, మన పర్లాకిమిడి వైపు మహేంద్రగిరి గాలికి పుష్యమాసంలో తెల్లారగట్ట సీసాలో నూనె ఎలా తెల్లగా పేరుకుంటదో మీకు తెలుసు కదా, మేగజైన్ లోపలా అదే జరుగుద్ది. పైగా ఏళ్ల తరబడి రాసింది గాలి తగిలి జిగురైపోయి గోధుమరంగు పొరలాగ రేకుకి అంటుకుపోద్ది, దానికి హోల్‌స్టర్ తోలు పొడి, దుమ్ము కలుస్తాయి, ఇక లోపల ఫాలోయర్, అంటే గుండ్లని కింద నుంచి పైకి మోసే ఆ చిన్న రేకు ముక్క, పైకి రావాల్సిన స్పీడులో రాదు. స్ప్రింగు బాగానే ఉంటది కానీ దాని బలమంతా ఆ జిగురుతో కుస్తీకే సరిపోద్ది. స్లైడు, అంటే పేలినప్పుడల్లా జరిగే పిస్టల్ పై భాగం, వెనక్కెళ్లి ముందుకొచ్చే టైము ఎంతని, కన్ను మూసి తెరిచేంత కూడా ఉండదు, ఆలోపు తర్వాతి గుండు మేగజైన్ పెదాల దాకా, అంటే పైన గుండుని పట్టుకునే ఆ రెండు వంపుల దాకా, రాకపోతే స్లైడు దాని మీంచి ఖాళీగా దాటేస్తది.

పోయినేడు చలికాలంలో ఒకాయన తెచ్చిన మేగజైన్ ఇలాగే ఉంది, ఫాలోయర్‌ని పెన్సిల్‌తో కిందికి నొక్కి వదిలితే రెండు వేళ్ల మేర వచ్చి మధ్యలో ఆగింది, అలా ఒక క్షణం నిలబడి మెల్లగా, ముసలాయన మెట్లెక్కినట్టు ఎక్కింది. ఆయన ముందే కిరసనాయిల్లో నానబెట్టాం, పళ్ల బ్రష్‌తో లోపల తోమితే బెల్లం పాకంలా నల్లటి ముద్ద వచ్చింది, మూడుసార్లు కిరసనాయిలు మార్చాక, గుడ్డ వేసి లోపల పొడిగా తుడిచాక, అదే పెన్సిల్ పరీక్ష చేస్తే టక్‌మని పైకి తన్నింది. మీరూ ఈ పెన్సిల్ పరీక్ష ముందు చేయండి. కాకపోతే దానికి ముందు పిస్టల్‌లోంచి మేగజైన్ తీసేసి, స్లైడు పూర్తిగా వెనక్కి లాగి, ఛాంబర్లో, అంటే బారెల్ వెనక గుండు కూర్చునే గూట్లో, గుండు లేదని కళ్లతో చూసి, చిటికెన వేలు పెట్టి తడిమి, అప్పుడే పక్కన పెట్టండి. ఈ మోడల్లో ఆఖరి గుండు అయిపోయినా స్లైడు వెనక ఆగదు, కాబట్టి స్లైడు మూసుంది కదా ఖాళీయే అనుకోవడం, లేదా మేగజైన్ తీశాను కదా ఖాళీయే అనుకోవడం, రెండూ ప్రాణం మీదకి తెచ్చే అలవాట్లు. మేగజైన్ తీస్తే ట్రిగ్గర్ పడకుండా దీంట్లో ఒక సేఫ్టీ ఉంది నిజమే, కానీ అది వందేళ్ల కిందటి డిజైను, మీ చేతిలోది ఎన్ని చేతులు మారిందో ఎవడు ఏం అరగదీశాడో మనకి తెలీదు, దాన్ని నమ్ముకోవద్దు.

కడిగిన తర్వాత లోపల నూనె పోయకండి. బయట రేకుకి తుప్పు పట్టకుండా గన్ ఆయిల్ ఒక చుక్క గుడ్డ మీద వేసి తుడిస్తే చాలు, లోపల పొడిగానే ఉండాలి, లోపల నూనె ఉంటే దుమ్ము లాగుద్ది, అంతకన్నా పెద్ద ప్రమాదం అది గుండు వెనక నిప్పు పుట్టించే ప్రైమర్‌లోకి దిగి గుండుని చంపేస్తది. ఇంకోటి, ఆ తోలు హోల్‌స్టర్‌లోనే బీరువాలో పెట్టి ఉంచుతున్నారేమో, వెంటనే బయటకి తీయండి, తోలు చెమ్మ పీలుస్తది, ఆ చెమ్మ మేగజైన్ రేకుకి అంటుద్ది, గోపాల్‌పూర్ దగ్గర ఉప్పుగాలికి ఒకాయన మేగజైన్‌కి తోలు కుట్టు ఎక్కడెక్కడ తగిలిందో సరిగ్గా అక్కడే గీతలు గీతలుగా తుప్పు పట్టడం నేను చూశాను.

ఇక థానా సంగతి. నేను ఎవరి మీదా నేరం వేయట్లేదు, ఎన్నికలొచ్చాయంటే ఒక్కో స్టేషన్లో పదులకొద్దీ ఆయుధాలు ఒకే పెట్టెలో పడతాయి, మేగజైన్లు విడిగా తీసి పెడతారు, తిరిగిచ్చేటప్పుడు లైసెన్సు నంబరూ పిస్టల్ నంబరూ సరిపోయాయా అని చూస్తారు తప్ప మేగజైన్ మీద నంబరు ఉండదు కదా. నా దగ్గరకి ఒకసారి ఒక రైస్‌మిల్లు ఓనరు వచ్చారు, బెల్జియం పిస్టల్, మూడు గుండ్లు పేల్చితే రెండు ఇరుక్కుంటున్నాయి, మేగజైన్ కింద నుంచి ఊగుతోంది. ఆ మేగజైన్ పట్టుకోగానే చేతికి తెలిసిపోయింది రేకు మందం వేరే అని. అది స్పానిష్ కాపీ పిస్టల్ మేగజైన్. అదే రోజు డిపాజిట్ చేసిన ఇంకొకాయనది స్పానిష్ పిస్టల్, ఆయన మేగజైన్ ఈయనకీ ఈయనది ఆయనకీ వెళ్లిపోయాయి. రిసీట్ మీద 'పిస్టల్ ఒకటి' అని మాత్రమే ఉంది. ఇద్దరూ కలిసి స్టేషన్‌కెళ్లి రాతపూర్వకంగా చెప్పి మార్చుకున్నారు, మేగజైన్ కొనకుండానే రెండు పిస్టల్స్ బాగయ్యాయి.

మీది కూడా అదే అయ్యుండొచ్చు, తేల్చడం సులువే. మీ 1910 మోడల్ .32 మేగజైన్‌లో 7 గుండ్లు పట్టాలి. 8 పడితే, లేదా 6 కే బిగుసుకుపోతే అది దానిది కాదు, లేదా లోపల ఏదో అడ్డుంది. 6 అయితే ఇంకో అనుమానం కూడా ఉంది, ఇదే 1910 మోడల్ 9 షార్ట్ అనే ఇంకొంచెం లావు గుండు సైజులో కూడా వచ్చింది, దానికి పట్టేది 6, పై నుంచి చూస్తే రెండు మేగజైన్లూ అన్నదమ్ముల్లా ఉంటాయి, సన్న గుండు వెడల్పు గూట్లో పడితే కుదురుగా నిలబడదు. ఇక దీని తర్వాత ఎఫ్ఎన్ వాళ్లే 1922 మోడలు తీశారు, బారెల్ పొడుగు, పిడి పొడుగు, దానికి 9 గుండ్లు, ఆ మేగజైన్ మీదాంట్లో పెడితే కింద నుంచి వేలాడుతూ ఉంటది. షాపువాడు 'బ్రౌనింగ్ .32 మేగజైన్ సార్' అని ఏది ఇచ్చినా తీసుకోకూడదు అనడానికి కారణం ఇదే, బ్రౌనింగ్ .32 అనే పేరు మీద కనీసం నాలుగైదు రకాల పిస్టల్స్ ఉన్నాయి, అమెరికాలో కోల్ట్ వాళ్లు తీసిన 1903 మోడల్ కూడా బ్రౌనింగ్ డిజైనే, దానికి 8 గుండ్లు.

సరే, కడిగారు, లెక్క సరిపోయింది, మేగజైన్ మీదే, అయినా ఇరుక్కుంటోంది అనుకుందాం. అప్పుడు ఎలా ఇరుక్కుంటోందో చూడాలి, నేనైతే ఫోన్లో కూడా ముందు అడిగేది ఇదే. గుండు ముక్కు కిందికి వాలి మేగజైన్ ముందు గోడకో, ఛాంబర్ కింద వాలుకో గుద్దుకుని ఆగిపోతే స్ప్రింగు నీరసపడింది. ముక్కు పైకి లేచి ఛాంబర్ పై అంచుకి తగిలి నిలబడితే మేగజైన్ పెదాలు విచ్చుకున్నాయి. స్లైడు గుండుని తాకకుండా పై నుంచి వెళ్లిపోతే మేగజైన్ కిందికి దిగి కూర్చుంటోంది, లేదా ఫాలోయర్ ఆలస్యం. పేలిన ఖాళీ కేసు బయటికి పోకుండా స్లైడులో నిటారుగా ఇరుక్కుంటే దానికి మేగజైన్‌తో దాదాపు సంబంధం లేదు, ఖాళీ కేసుని పట్టి లాగే ఎక్స్‌ట్రాక్టరో, బారెల్ చుట్టూ ఉండే పెద్ద స్ప్రింగో, పాతబడ్డ గుండో కారణం, అప్పుడు మేగజైన్ మీద డబ్బు తగలేసినా అది బాగవదు.

ఇంకో రోగం ఉంది, అది ఈ .32 గుండుకి పుట్టుకతోనే వచ్చింది. 1899 నాటి డిజైను ఇది, గుండు అడుగున అంచు ఒంటి కన్నా కొంచెం బయటికి ఉంటది, పూర్తి రిమ్ కాదు, అలాగని లేకుండానూ లేదు, చుట్టూ పావు మిల్లీమీటరు పైచిలుకు అంతే. మేగజైన్‌లో పై గుండు అంచు కింద గుండు అంచుకి ముందు ఉండాలి, పొరపాటున వెనక్కి జారిందంటే రెండూ కొక్కేల్లా తగులుకుంటాయి, స్లైడు ఎంత నెట్టినా పైది కదలదు. పొట్టి ముక్కు గుండ్లతో ఇది ఎక్కువ, ఎందుకంటే మేగజైన్‌లో ముందూ వెనకా జారడానికి చోటు మిగులుద్ది. గుండ్లు నింపేటప్పుడు ఒక్కోటీ పూర్తిగా వెనక్కి నెట్టి కూర్చోబెట్టి, అంచు ముందు పడిందా అని చూసుకుంటూ నింపితే చాలావరకు పోద్ది. హడావుడిగా నింపి మేగజైన్ని నేలకేసి కొట్టేవాళ్లని చూశాను, ఆ అలవాటు మానాలి.

ఇప్పుడు స్ప్రింగు. నింపి ఉంచేస్తే స్ప్రింగు చస్తది అని మనలో ఒక భయం ఉంది, మంచి స్టీలు స్ప్రింగుకి నింపి ఉంచడం కన్నా పదేపదే నొక్కడం వదలడం, తుప్పు పట్టడం, ఒక గుండు ఎక్కువ కూరడం, ఇవే చేటు. స్ప్రింగు ఒక్కటే పోయిందని తేలితే స్ప్రింగు ఒక్కటే మార్పించండి, మేగజైన్ ధరలో అదెంత. కానీ మీరు సొంతంగా విప్పకండి, కొన్ని పాత మేగజైన్లకి అడుగు రేకు జరుపుకుని ఊడొస్తది, కొన్నిటికి పిన్నుతో శాశ్వతంగా బిగించేసి ఉంటది, అది తెలీక స్క్రూడ్రైవర్ పెట్టి పెకలిస్తే బంగారంలాంటి ఒరిజినల్ రేకు వంకరపోద్ది. స్ప్రింగు కొస ఏ పక్కకుండాలి అన్నది కూడా ఉంది, తిరగేసి పెడితే ఫాలోయర్ ముక్కు కిందికి వాలిపోద్ది, మళ్లీ మొదటికొస్తారు. పెదాల్ని ప్లయర్‌తో వంచడం అసలే వద్దు, గట్టిపరిచిన రేకు అది, ఒకసారి వంచితే వెనక మూల దగ్గర వెంట్రుకంత పగులు వస్తది, కంటికి కనపడదు, గోరుతో గీస్తే తగులుద్ది.

ఇన్నీ చూశాక నిజంగానే కొనాల్సి వస్తే, అప్పుడు మీ ప్రశ్నకి వద్దాం. పోస్టులో ఎందుకు వద్దన్నానంటే, 1959 ఆయుధ చట్టంలో ఆయుధం అంటే దాని విడిభాగాలు కూడా కలిపే, అదే చట్టం 10వ సెక్షన్ ప్రకారం లైసెన్సు లేకుండా దేశంలోకి తెచ్చుకోవడానికి లేదు. మీ చేతిలో ఉన్న లైసెన్సు పిస్టల్ ఉంచుకోవడానికి ఇచ్చింది, దిగుమతికి కాదు. అక్కడ అమ్మేవాడికి కూడా వాళ్ల దేశం ఎగుమతి ఆంక్షలు ఉంటాయి. ఫోన్ కవరులాగ పార్సిల్ వస్తదిలే అని ఆర్డర్ పెడితే కస్టమ్స్‌లో పట్టుబడ్డ రోజు మేగజైన్ ఒక్కటే పోదు, లైసెన్సు పోద్ది, నాన్నగారి పిస్టల్ పోద్ది, కేసు మిగులుద్ది. అలాగే ఫలానా ఊళ్లో ఒకాయన చేత్తో చేసిస్తాడు అని కూడా ఎవరో చెప్తారు, అదీ వద్దు, లైసెన్సు లేకుండా తయారీ, రిపేరు కూడా నేరమే, పైగా ఆ చేతి రేకు మెత్తటి ఇనుము, పెదాలు నెల తిరక్కుండా విచ్చుకుంటాయి. లైసెన్సున్న డీలరు దగ్గర, మీ లైసెన్సు పుస్తకం చూపించి, బిల్లు మీద పిస్టల్ మోడలూ 'మేగజైన్ 1' అనీ రాయించుకుని కొనండి, ఆ బిల్లు లైసెన్సుతో పాటు దాచండి.

బయట దేశాల్లో పాత పిస్టల్స్‌కి వేరే కంపెనీలు మేగజైన్లు చేయడం పెద్ద వ్యాపారమే. ఇటలీలో మెక్‌గార్ అని ఉంది, పిస్టల్ కంపెనీలకే సప్లయ్ చేస్తది, వాల్తర్ పీపీ లాంటి వాటికి వాళ్ల సరుకు ఒరిజినల్‌కి తీసిపోదు, నా చేతిలోకి వచ్చిన రెండు మూడూ కళ్లు మూసుకుని వాడొచ్చు అనిపించాయి. అమెరికాలో ట్రిపుల్ కే అని ఉంది, ఎప్పుడో తయారీ ఆగిపోయిన పిస్టల్స్‌కి కూడా చేస్తారు, అదే వాళ్ల గొప్ప, కానీ అంత పాతవాటికి ఫ్యాక్టరీల మధ్యే కొలతలు తేడా ఉండటం వల్ల కొన్ని కొంచెం ఆకురాయి పట్టందే కూర్చోవు. మన దగ్గర డీలర్ల డ్రాయర్లలో ఇలాంటివి అరుదుగా పాత స్టాకులో ఉంటాయి, లేదా బారెల్ పోయి పక్కన పడేసిన పిస్టల్ తాలూకు ఒరిజినల్ మేగజైన్ ఉంటది, నన్నడిగితే కొత్త డూప్లికేట్ కన్నా అలాంటి పాత ఒరిజినల్‌కే నా ఓటు, పైన రంగు పోయినా సరే.

డూప్లికేట్‌లో ముఖ్యంగా చూడాల్సింది మీ పిస్టల్‌కి ఒకటుంది, ఇది చాలామందికి తెలీదు. మీ 1910లో మేగజైన్ పట్టుకునే క్యాచ్ పిడి అడుగున వెనక పక్క ఉంటది, అది మేగజైన్ అడుగు అంచుని కింద నుంచి పట్టి మోస్తది. అంటే మేగజైన్ ఎంత ఎత్తులో కూర్చోవాలి అన్నది ఆ అడుగు రేకు మందమే నిర్ణయిస్తది. వాల్తర్ పీపీలాగ పక్కన బటన్ ఉండే పిస్టల్‌కైతే మేగజైన్ ఒంటికి కోసిన గాడి నిర్ణయిస్తది. చౌక మేగజైన్‌లో అడుగు రేకు అర మిల్లీమీటరు అటూ ఇటూ అయితే, ఎక్కువైతే క్యాచ్ పడదు, తక్కువైతే మేగజైన్ దిగి కూర్చుంటది, స్లైడు గుండు అంచుని అరకొరగా పట్టి జారిపోద్ది. ఎత్తు సరిపోకపోతే ఆ మేగజైన్ సేఫ్టీ కూడా పూర్తిగా నొక్కుకోదు, అన్నీ బాగున్నా ట్రిగ్గర్ పడదు, మనమేమో పిస్టల్ చెడిపోయిందనుకుని దాన్ని విప్పుతాం. నాకు ఈ పాఠం డబ్బు పోయి వచ్చింది. రిటైరైన కొత్తలో నా సొంత పిస్టల్‌కి ఒక షాపులో రెండు చౌక మేగజైన్లు, పెట్టి చూడకుండా, కవరు కూడా విప్పకుండా కొనుక్కొచ్చాను, ఆర్మరర్‌ని అయ్యుండి. ఇంటికొచ్చి చూస్తే ఒకటి క్యాచ్‌కి అందలేదు, రెండోది అందింది కానీ ఆరో గుండు నొక్కుతుంటే అడుగు రేకు ఊడి స్ప్రింగు గోడకి కొట్టుకుంది. తీసుకెళ్తే అమ్మినది వెనక్కి తీసుకోం అన్నారు. అప్పటి నుంచి నేను కౌంటర్ మీద పరీక్షించకుండా కొననివ్వను ఎవరినీ.

కౌంటర్ దగ్గర ఏం చేయాలంటే, మీ పాత మేగజైన్‌ని పక్కన పెట్టుకుని సన్న కొలతలు తీసే వెర్నియర్‌తో పెదాల మధ్య దూరం ముందూ వెనకా రెండుచోట్లా కొలవండి, పాతది విచ్చుకుపోయి ఉంటే ఆ కొలత నమ్మకండి, షాపులో మంచిది ఇంకోటి ఉంటే దాంతో పోల్చమనండి. వెనక గోడకి అతుకు ఎలా ఉందో గోరుతో గీసి చూడండి, వెల్డింగ్ బొడిపెలు తగిలితే వద్దు. లోపలికి టార్చి వేసి చూడండి. ఫాలోయర్‌ని ఒక మూల నొక్కితే పల్టీ కొట్టి ఇరుక్కుంటే వద్దు. ఖాళీ పిస్టల్‌లో పెట్టి క్యాచ్ టక్‌మన్నాక కిందికి గట్టిగా లాగి చూడండి, పైకి నొక్కి చూడండి, లోపలికీ బయటికీ పదిసార్లు ఆడించండి, చివర్లో కూడా మొదట్లో ఉన్నంత బిగువే ఉండాలి. మరీ ముఖ్యం, పదిహేను రోజుల్లో కుదరకపోతే మార్చిస్తామని బిల్లు మీద రాయించుకోండి, నోటిమాట కాదు.

ఇవన్నీ చేయడానికి పిస్టల్ షాపుకి తీసుకెళ్లాలి కదా, ఇక్కడ మన ఒడిశా-ఆంధ్ర బోర్డర్ వాళ్లకి ఒక తిరకాసు ఉంది. మనకి పాతపట్నం అంటే పక్క వీధి, సంతకెళ్తాం, సంబంధాలు కలుపుకుంటాం, పనుంటే విశాఖపట్నం దాకా బస్సెక్కేస్తాం, కానీ మీ లైసెన్సులో చెల్లుబాటు ప్రాంతం అన్నచోట ఒడిశా అని మాత్రమే ఉంటే పిస్టల్ పట్టుకుని ఆ గట్టు దాటడానికి లేదు. ఆ పేజీ చదవకుండా విశాఖ షాపుకి బయల్దేరకండి. ఏరియా పెంచమని కలెక్టరేట్ ఆర్మ్స్ సెక్షన్లో దరఖాస్తు పెట్టుకోవచ్చు, అది వచ్చేదాకా ఒడిశాలో ఉన్న డీలరు దగ్గరకే వెళ్లండి.

స్పానిష్ పిస్టల్ ఉన్నవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే వాళ్లకో మాట. మొదటి ప్రపంచయుద్ధంలో ఫ్రెంచి సైన్యం కోసం స్పెయిన్లో రూబీ అనే .32 పిస్టల్ని 1915 నుంచి బోలెడు చిన్న కంపెనీలు విడివిడిగా చేశాయి, చూడ్డానికి ఒకటే, మేగజైన్లు మాత్రం ఒకరివి ఇంకొకరికి పట్టవు, చివరికి ఏ కంపెనీదో తెలిసేలా అక్షరాల గుర్తులు కొట్టాల్సొచ్చింది. సైన్యానికే తప్పని తంటా అది. మీ పిస్టల్ మీద అలాంటి గుర్తు ఉంటే మేగజైన్ మీద కూడా అదే గుర్తు ఉందా అని వెతకండి, 'రూబీకి పడుద్ది' అన్న మాట నమ్మి కొనకండి.

కొన్నాక పరీక్ష. యూట్యూబులో అమెరికావాళ్లు కొత్త మేగజైన్‌తో 200 రౌండ్లు పేల్చి గానీ నమ్మకండి అంటారు, వాళ్లకి చెల్లుద్ది, మన లైసెన్సులో ఒకసారికి ఎన్ని, ఏడాదికి ఎన్ని అని కాలమ్ ఉంటది, ఆ లెక్కలో పరీక్షకి అంత ఎక్కడ తెస్తాం, తూటా ధర సంగతి చెప్పనే అక్కర్లేదు. అందుకే నేను ముప్పావు వంతు పరీక్ష డమ్మీలతో చేయిస్తాను, స్నాప్ క్యాప్స్ అని స్పోర్ట్స్ షూటింగ్ సామాను అమ్మేచోట దొరుకుతాయి, ప్లాస్టిక్‌వో అల్యూమినియంవో, లోపల మందు ఉండదు. మీ .32 పిస్టల్ గుండు సైజే అడగండి, .32 రివాల్వర్ గుండు వేరు, అది పొడుగు, ఇందులో పట్టదు. ఏడు డమ్మీలు నింపి, అసలు గుండ్లు ఆ గదిలోనే లేకుండా చూసుకుని, గోడవైపు పెట్టి, స్లైడు పూర్తిగా లాగి వదిలేస్తూ ఏడూ ఎక్కించి దింపండి, చేత్తో పట్టుకుని మెల్లగా ముందుకి తీసుకెళ్తే పరీక్ష కాదది, వదిలేయాలి. ఏడేసి చొప్పున ఐదుసార్లు. మొదటి గుండూ ఆఖరి గుండూ మీద కన్నేయండి, మొదటిదప్పుడు స్ప్రింగు బాగా నొక్కుకుని ఉంటది, ఆఖరుదప్పుడు బాగా వదులుగా ఉంటది, రోగం ఆ రెండు చోట్లే బయటపడుద్ది. ఇవి దాటాక అనుమతున్న రేంజిలో అసలు తూటాలతో రెండు మేగజైన్లు, పాత స్టాకు కాకుండా కొత్తగా కొన్నవాటితో. అందులో ఒక్కటి ఇరుక్కున్నా ఆత్మరక్షణకి ఆ మేగజైన్ పెట్టుకోకండి, ప్రాక్టీసుకి ఉంచుకోండి.

కాబట్టి ఈ ఆదివారం ఛాంబర్ చూసుకుని పెన్సిల్ పరీక్ష చేసి, ఎన్ని గుండ్లు పడుతున్నాయో లెక్కపెట్టి, మేగజైన్ పక్కన ఏం గుర్తులున్నాయో, కింద నుంచి ఎంత ఊగుతోందో రాయండి. ఫోటో పెడితే పైనుంచి పెదాలు కనపడేలా ఒకటి, అడుగు రేకు అంచు పక్క నుంచి ఒకటి తీయండి, పిస్టల్ నంబరు మాత్రం కనపడనీయకండి. 7 సరిపోకపోతే ముందు థానాకి వెళ్లి ఆ రోజు డిపాజిట్ రిజిస్టర్‌లో ఇంకెవరి .32 ఉందో అడగండి, మర్యాదగా రాతలో అడిగితే చూపించొచ్చు. వచ్చే ఎన్నికలకి డిపాజిట్ చేసేటప్పుడు రిసీట్ మీద 'మేగజైన్ ఒకటి, ఫలానా గుర్తు' అని రాయించుకోండి, మేగజైన్‌కి మీ పేరున్న ట్యాగు దారంతో కట్టివ్వండి. ఒకవేళ కొత్తది కొన్నా సరే పాతదాన్ని ఇనప సామాన్లవాడికి వేయకండి, అది కూడా ఆయుధం భాగమే, కడిగి, ఆరబెట్టి, పొడి గుడ్డలో చుట్టి పిస్టల్‌తోనే తాళం వేసి ఉంచండి, స్ప్రింగు దొరికిన రోజు అదే మీ మంచి మేగజైన్ అవుద్ది.